నాలుగు నేలల ద్రాక్ష కలిపిన వైన్ అంట. ఇది కలపడమా, కల్తీనా?

క్లాక్‌టవర్_దగ్గర
మా తమ్ముడు ఫ్రాన్స్‌లో, లియోన్‌లో చదువుతున్నాడు. సెలవులకు వస్తూ రెండు సీసాలు రెడ్ వైన్ తెచ్చాడు. రెండూ ఒకటే రకం, రోన్ లోయది. కంపెనీ పేరు రాయను, తప్పు వాళ్ళదో మాదో ఇంకా తేలలేదు. సీసా వెనక ఫ్రెంచిలో ఓ పురాణం ఉంది. తమ్ముడు చదివి చెప్పిందేమంటే, ఇది బయోడైనమిక్ అనే ఒకరకం ఆర్గానిక్ సేద్యంలో పండిన ద్రాక్ష, నాలుగు రకాల నేలల పంటను విడివిడిగా పులియబెట్టి ఆఖర్న కలిపారు. గులకరాళ్ళ నేల, ఇసుక నేల, సున్నపురాయి నేల, ఎర్రబంక.

నిన్న ఒకటి తెరిచాం. బయట 42 డిగ్రీలు. నోట్లో పోసుకుంటే ముందు వగరు, తర్వాత పులుపు, మింగాక మాడిన బెల్లం పాకం వాసన. గ్లాసు అడుగున నల్లటి మడ్డి. మా నాన్నకు గార్లదిన్నె దగ్గర చీనీ (బత్తాయి) తోట ఉంది. ఆయన మందు ముట్టడు. కానీ ఏందో చూద్దామని చిటికెన వేలు ముంచి నాలుకకు రాసుకుని, "నాలుగు చేన్ల కాయ కలిపి ఒకే పేరు మీద అమ్మితే మా మండీలో దాన్ని కల్తీ అంటారురా" అన్నాడు. నేనేం చెప్పలేకపోయా.

ఇంతకీ ఇది పాడైందా, లేక దీని రుచే ఇంతా? నేలలు కలపడంలో గొప్పేముంది? ఇంకోటి, బయోడైనమిక్ అంటే ఆవు కొమ్ములో పేడ పెట్టి పాతిపెట్టడం అని తమ్ముడు చెప్పినప్పటి నుంచి నాన్న నవ్వు ఆపడం లేదు. అది నిజమేనా?

ఉగ్గాని_బజ్జి
మన వైన్ షాపుల్లో వైన్ తప్ప అన్నీ ఉంటాయి. నిజంగా వైన్ తాగిన మనిషిని ఈ వేదికలో ఇప్పుడే చూస్తున్నా.

వేదిక_కాపలా
వంటల విభాగం నుంచి సేద్యం విభాగానికి మార్చాను. ఎక్కడ దొరుకుతుంది, ఎంత పడుతుంది అని అడిగే పోస్టులు తీసేస్తాను.

ఉగ్గాని_బజ్జి
టైప్ చేస్తూ ఉన్నా, ఆపేశా.

ఎర్రచేను_హిందూపురం
నాన్నగారి మాట మండీ లెక్కలో కరెక్టే. నాది రెండు ముక్కలు. గుట్ట కింద రెండెకరాలు ఎర్ర గరుసు, వంక పక్కన ఎకరంన్నర నల్లమట్టి. రెండిట్లో ఒకే రకం ద్రాక్ష, ఒకే బోరు, ఒకే రోజు కటింగ్ (కొమ్మల కత్తిరింపు). అయినా ఎర్రదాంట్లో కాయ చిన్నది, తోలు మందం, తీపి వారం పది రోజులు ముందే ఎక్కుతుంది. నల్లదాంట్లో కాయ గోలీ అంత లావు, చూడ్డానికి బ్రహ్మాండం, కొరికితే నీళ్ళు.

ఒక ఏడు కూలీలు దొరక్క రెండూ ఒకే క్రేట్లలో వేశా. బెంగళూరు వ్యాపారి పై వరస తీసి కింద వరస చూశాడు. ఏమీ అనలేదు. మొత్తం లోడుకు నల్లదాని రేటే కట్టాడు. అప్పటి నుంచి కలపను. కానీ అది తినే కాయ సంగతి. రసం తీసేదానికి ఆ లెక్క పనికొస్తుందో లేదో మరి.

ఆవకాయ_జాడి
పనికిరాదు అన్నా. కారం ఆడించడం చూడలేదా? ఒట్టి గుంటూరు మిరప వేస్తే ఘాటు ఉంటుంది, రంగు ఉండదు. ఒట్టి బ్యాడిగి వేస్తే రంగు ఉంటుంది, నాలుకకు ఏమీ తగలదు. మా అమ్మ ప్రతి ఏడూ రెండూ కలిపి ఆడిస్తుంది. పాళ్ళు కూడా ఏడాదికో రకం. ఆ ఏడు గుంటూరు కాయ ఎంత మండుతోందో ఒక తొడిమ గిల్లి చూసి అప్పుడు తేల్చుకుంటుంది. దాన్ని ఎవరూ కల్తీ అనలేదు. వాళ్ళు చేసేదీ అదే అయ్యుంటుంది, మిరప బదులు నేల.

క్లాక్‌టవర్_దగ్గర
అక్కా, మీ పోస్టు నాన్నకు చదివి వినిపించా. "కారం ఇంట్లోకి ఆడించుకుంటారు, అమ్మడానికి కాదు గదా" అన్నాడు.

ఆవకాయ_జాడి
కర్నూల్లో పచ్చళ్ళు అమ్మేవాళ్ళూ అట్లనే కలుపుతారని చెప్పు. వీళ్ళు సీసా మీద రాసే కలిపారు గదా. రాయకుండా కలిపి ఉంటే అప్పుడు నాన్నగారి మాట ఒప్పుకుంటా.

హంద్రీ_గట్టు
బెంగళూరులో ఒక హోటల్ బార్‌లో ఆరేళ్ళు పనిచేశా, అందుకని అడుగుతున్నా. సీసా ఎయిర్‌పోర్టు నుంచి అనంతపురం దాకా ఎట్లా వచ్చింది?

క్లాక్‌టవర్_దగ్గర
బస్సులో. సూట్‌కేసులో పెట్టి కింద డిక్కీలో వేశారు. మధ్యాహ్నం ఒంటిగంట బస్సు.

హంద్రీ_గట్టు
మే నెల ఎండలో, ఇంజన్ పక్కన, ఐదు గంటలు. బిరడా మీద రేకు తీసినప్పుడు లోపల జిగటగా ఉందా? బిరడా మూతి కంటే కొంచెం పైకి వచ్చి ఉందా?

క్లాక్‌టవర్_దగ్గర
రెండూ ఉన్నాయి! రేకు లోపల ఎర్రగా కారి ఎండిపోయింది. ముందే అట్లా ఉంటుందేమో అనుకున్నాం.

హంద్రీ_గట్టు
ఉడికిపోయింది అన్నా. వేడికి లోపలి వైన్ ఉబ్బి బిరడాను తోస్తుంది, సందులోంచి కారుతుంది, గాలి లోపలికి పోతుంది. మాడిన పాకం వాసన అదే. పైగా ఇలాంటి సేద్యం వాళ్ళు సల్ఫైట్ తక్కువ వేస్తారు. ఐరోపాలో మామూలు రెడ్ వైన్‌కు లీటరుకు 150 మిల్లీగ్రాముల వరకు ఒప్పుకుంటారు, ఆర్గానిక్ ముద్ర ఉంటే 100 దాటకూడదు. అది పాడు కాకుండా కాపాడే మందు. తక్కువైన కొద్దీ సీసాను పసిపిల్లలా చూసుకోవాలి.

మడ్డి మాత్రం తప్పు కాదు. చాలామంది వడకట్టకుండా నింపుతారు. ఒక రోజంతా నిలబెట్టి ఉంచితే అడుక్కు చేరుతుంది, మెల్లగా పైది వంచుకోవాలి. ఇంకో సంగతి, రెడ్ వైన్ గది వేడిలో తాగాలి అంటారే, ఆ గది మన గది కాదు. 16, 18 డిగ్రీలుండే చలిదేశపు గది. 42లో తాగితే కషాయమే.

రెండో సీసా ఎక్కడుంది?

క్లాక్‌టవర్_దగ్గర
అది తమ్ముడి చేతిసంచిలో, పైన ఏసీలో వచ్చింది. బట్టల మధ్య చుట్టి ఉంది. బావకని దాచాడు.

ఉగ్గాని_బజ్జి
బావకు ఉడికింది పంపండి. ఆయన తేడా పట్టలేడు.

క్లాక్‌టవర్_దగ్గర
బావ ఈ వేదికలోనే ఉన్నాడు సామీ.

ఉగ్గాని_బజ్జి
క్షమించండి బావగారూ.

సైన్స్_సార్
నేల సంగతి కొంచెం. గ్రానైట్‌లో పండితే గ్రానైట్ రుచి, సున్నపురాయిలో పండితే సున్నపురాయి రుచి అని లేబుళ్ళ మీద రాస్తారు. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని ఒప్పుకోరు. రాయి వేర్ల ద్వారా ఎక్కి గ్లాసులోకి రాదు. వచ్చే ఖనిజాలు చాలా కొద్ది, వాటిని నాలుక పట్టలేదు. నేల పనిచేసేది నీళ్ళ ద్వారా, వేడి ద్వారా. హిందూపురం అన్న చెప్పింది చూడండి. గరుసు నేలలో నీళ్ళు నిలవవు, తీగకు దాహం, కాయ చిన్నది, రసానికి తోలు ఎక్కువ. రంగూ వగరూ తోలులోనే ఉంటాయి. నల్లమట్టి నీళ్ళు పట్టి ఉంచుతుంది, కాయ ఉబ్బుతుంది. రోన్ కింది భాగంలో షాతోనఫ్ ద్యు పాప్ అనే చోట పిడికిలంత గుండ్రటి రాళ్ళు నేలంతా పరిచి ఉంటాయి. పగలు వేడి పట్టి రాత్రి వదులుతాయి, కాయ బాగా పండుతుంది. ఇసుక నేలది తేలిగ్గా, సున్నితంగా ఉంటుందని అక్కడివాళ్ళ మాట. ఒకటి బరువిస్తే ఇంకోటి వాసన ఇస్తుంది, అందుకే కలుపుతారు.

కడప_బండ
అయితే మా ఎర్రగుంట్ల సున్నపురాయి నాకినా ప్రయోజనం లేదన్నమాట. ఇంటి నిండా పరిచి ఉంది.

సైన్స్_సార్
నాకితే సున్నపురాయి రుచే తెలుస్తుంది. వైన్ రుచి రాదు.

హంద్రీ_గట్టు
సార్ చెప్పినదానికి ఒక ఉదాహరణ. అదే రోన్ లోయలో పైభాగాన ఎర్మితాజ్ అనే గుట్ట ఉంది. మొత్తం తోటలు సుమారు 140 హెక్టార్లు, అంటే 350 ఎకరాలు కూడా లేవు. అక్కడి ద్రాక్ష రకం పేరు సిరా. ఆ చిన్న గుట్ట మీదే నేల మూడు నాలుగు రకాలు. పడమటి కొసన బెసార్ అనే చోట గ్రానైట్. మధ్యలో మెయాల్, అక్కడ గులకరాళ్ళు. కింద గ్రెఫియో, నది తెచ్చిపోసిన ఒండ్రు. షాపుతియె అనే బయోడైనమిక్ కంపెనీ ఈ మూడు చోట్ల పంట కలిపి "మొనియె ద లా సిజరాన్" పేరుతో ఒక వైన్ చేస్తుంది. అదే కంపెనీ కొన్ని చోట్లవి విడిగా కూడా నింపుతుంది, వాటి ధర చాలా ఎక్కువ. వాళ్ళ లేబుల్ మీద 1996 నుంచి బ్రెయిలీ ఉంటుంది, చేత్తో తడిమితే తెలుస్తుంది. వైన్ పేరులో ఉన్న ఆ సిజరాన్ కుటుంబంలోని ఒకాయనే ఫ్రెంచి బ్రెయిలీకి పొట్టి లిపి తయారుచేశాడు.

ఎర్రచేను_హిందూపురం
చూశారా, అక్కడ కూడా విడిగా అమ్మితేనే రేటు! నాన్నగారూ, నేను మీ పక్షమే.

హంద్రీ_గట్టు
ఆగండి. అదే గుట్ట మీద షావ్ అనే కుటుంబం ఉంది. 1481 నుంచి ద్రాక్షే వాళ్ళ బతుకు. వాళ్ళు గుట్ట మీది ముక్కలన్నీ విడివిడిగా పులియబెట్టి చివర్లో కలిపే అమ్ముతారు. దాని ధర చూస్తే ఎవరూ కల్తీ అనరు. విడిగా అమ్మడం ఒక పద్ధతి, కలపడం ఒక పద్ధతి. కలిపేవాడికి నాలుక ఉండాలి, అంతే తేడా.

నల్లరేగడి
నంద్యాల వైపు నాది. నల్లరేగడిని తిట్టడం ఆపండి. మాకు శనగ, పత్తి పండేది దానిలోనే.

ఎర్రచేను_హిందూపురం
తిట్టలేదు సామీ, ద్రాక్షకు నీళ్ళెక్కువ అన్నా, అంతే. మేమే వేసవిలో చెరువు మట్టి ట్రాక్టర్లతో తోలి ఎర్రచేలో పోస్తాం. మేం నేలనే కలుపుతాం, వాళ్ళు పంట కలుపుతారు.

క్లాక్‌టవర్_దగ్గర
ఈ మాటకు నాన్న నవ్వు ఆగింది. "అవునే, పోయినేడాది నేనూ నలభై ట్రాక్టర్లు తోలించా గదా" అన్నాడు. కొమ్ము సంగతి ఎవరైనా చెప్పండి, మళ్ళీ మొదలుపెట్టేలోపు.

మజ్జిగ_చిలికినోడు
నేను చేశా. పులివెందుల వైపు, ఎకరం చీనీ, రెండేళ్ళు. నవ్వుకోండి, నాకేం ఇబ్బంది లేదు.

ఆవు కొమ్ములే కావాలి, ఎద్దువి పనికిరావు. ఈనిన ఆవువైతే మంచిదన్నారు. వాటిని సంపాదించడమే పెద్ద పని, ఎవరిని అడిగినా ఎగాదిగా చూశారు. చివరికి పన్నెండు దొరికాయి. పాలిచ్చే ఆవు పేడ మెత్తగా పిసికి కొమ్ముల్లో కూరి, దసరా దాటాక మూరెడు లోతు గుంట తీసి, మూతి కిందికి ఉండేలా పేర్చి మట్టి కప్పాం. శివరాత్రి ముందు తీశా. కొమ్ము అట్లనే ఉంది, బయట కొంచెం పాకుడు. లోపలిది నేలకు తట్టి రాల్చితే చేతిలోకి నల్లగా, ముద్దగా వచ్చింది. పేడ వాసన లేదు. మొదటి వానకు అడవిలో వచ్చే వాసన. అది మాత్రం నేను ఎప్పటికీ మర్చిపోను.

దాన్నుంచి ఎకరానికి వాడేది 25 గ్రాములు. అవును, గ్రాములే. పదమూడు లీటర్ల గోరువెచ్చటి నీళ్ళలో వేసి గంట సేపు కర్రతో తిప్పాలి. ఒకవైపు తిప్పి సుడి బాగా లోతుగా పడ్డాక, టక్కున ఆపి ఇటువైపు తిప్పాలి. మళ్ళీ సుడి, మళ్ళీ అటు. గంట. సాయంత్రం చీపురుతో నేల మీద చల్లాలి. ఇంకొకటి పలుగురాయి పొడి, అదీ కొమ్ములోనే, ఎండాకాలమంతా పాతిపెట్టాలి. అది ఎకరానికి ఒక్క గ్రాము, తెల్లారగానే ఆకుల మీద.

మా ఆవిడ మొదటి రోజు గడప దగ్గర కూర్చుని అంతా చూసింది. "ఈ గంట మజ్జిగ చిలికుంటే వెన్నైనా వచ్చేది" అంది. ఈ పేరు అప్పుడు పెట్టుకున్నదే.

ఫలితం అంటారా. చెట్ల కింద మట్టి మెత్తబడింది, వానపాములు కనబడ్డాయి. కానీ ఆ రెండేళ్ళూ కంపోస్టు బాగా వేశా, పచ్చిరొట్ట వేశా, కలుపు మందు మానేశా. ఏది పనిచేసిందో నేను చెప్పలేను. మూడో ఏడు కొమ్ములు మానేసి కంపోస్టు ఒక్కటే వేశా. మట్టి అట్లనే ఉంది.

రాగిసంగటి
పదమూడు లీటర్లు ఎకరానికి ఏం సరిపోతాయి? మన జీవామృతం ఎకరానికి 200 లీటర్లు. పది కిలోల పేడ, మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గట్టు మీది పిడికెడు మట్టి. అది పులుస్తుంది, బుడగలు వస్తాయి, పని కళ్ళకు కనబడుతుంది.

మజ్జిగ_చిలికినోడు
వాళ్ళు ఎరువు అనరు, ఉత్తేజం అంటారు. నాకూ మింగుడు పడలేదు.

సైన్స్_సార్
ఈ పద్ధతి 1924 జూన్‌లో రుడాల్ఫ్ స్టైనర్ అనే ఆస్ట్రియా తత్వవేత్త ఇచ్చిన ఎనిమిది ఉపన్యాసాల నుంచి వచ్చింది. అప్పుడు జర్మనీలో, ఇప్పుడు పోలండ్‌లో ఉన్న ఒక ఎస్టేట్‌లో ఇచ్చాడు. 1925 మార్చిలో చనిపోయాడు. ఫలితాలు పరీక్షించి చూసుకునేంత టైమ్ ఆయనకు లేదు.

2005లో అచ్చయిన ఒక పరిశోధన ఉంది. కాలిఫోర్నియాలో మెర్లో రకం ద్రాక్షతోట. కొంత ఆర్గానిక్, కొంత అదే ఆర్గానిక్‌కు తోడు కొమ్ము మందులు. ఆరేళ్ళు చూశారు. నేలలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ దొరకలేదు. మజ్జిగ అన్న తన ఎకరంలో కనుక్కున్నదీ అదే.

పంచాంగం_మామ
సార్, అన్నిటినీ అట్లా కొట్టేయకండి. వాళ్ళు చంద్రుణ్ణి చూసి విత్తుతారు, మనం కార్తె చూసి విత్తుతాం. మరియా తున్ అనే జర్మన్ ఆవిడ క్యాలెండర్‌లో చంద్రుడు మేషం, సింహం, ధనుస్సులో ఉంటే పండు రోజు. వృషభం, కన్య, మకరంలో ఉంటే వేర్ల రోజు. ఇది మన పంచాంగమే, పేరు మార్చారు.

సైన్స్_సార్
మామా, కార్తె చంద్రుడిది కాదు, సూర్యుడిది. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో పదమూడు, పద్నాలుగు రోజులుంటాడు. మృగశిర ఏటా జూన్ మొదటి వారం చివర్లోనే వస్తుంది, ఎందుకంటే అది రుతువు లెక్క. నైరుతి వచ్చేదీ అప్పుడే. "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు" అన్న సామెత వానను చూసి పుట్టింది. చంద్రుడు మేషంలోకి నెలకోసారి వస్తాడు, దాంతో వానకేం పని?

పంచాంగం_మామ
చంద్రుడు సముద్రాన్నే లాగుతున్నాడు, తీగలో నీళ్ళను లాగడా?

సైన్స్_సార్
పండు రోజున వైన్ రుచి బాగుంటుందని వాళ్ళ నమ్మకం. 2017లో న్యూజిలాండ్ వాళ్ళు ఇదీ చూశారు. 19 మంది వైన్ నిపుణులకు పినో నువార్ అనే ద్రాక్షతో చేసిన 12 వైన్లు, పండు రోజున ఒకసారి, వేర్ల రోజున ఒకసారి, ఏ రోజో చెప్పకుండా రుచి చూపించారు. తేడా రాలేదు.

పంచాంగం_మామ
అమావాస్య నాడు చూపించి ఉండాల్సింది.

ఎర్రచేను_హిందూపురం
పంచాంగం సంగతి పక్కన పెట్టండి. వాళ్ళకు చలికాలం ఆకు రాలి తీగ నిద్రపోతుంది, అప్పుడు కొమ్ము పాతుతారు. మనకు ఏప్రిల్‌లో ఒక కటింగ్, అక్టోబర్‌లో ఒక కటింగ్. చలికాలంలోనే కాయ పెరుగుతుంది, ఫిబ్రవరి మార్చిలో కోత. మన తీగ అసలు నిద్రే పోదు. ఆ లెక్క ఇక్కడ ఎట్లా అతుకుతుంది?

నా అసలు అనుమానం ఇంకోటి. అక్టోబర్ కటింగ్ తర్వాత నాలుగు రోజులు ముసురు పట్టిందంటే డౌనీ అనే బూజు తెగులు వస్తుంది. తెల్లారేసరికి ఆకు కింద తెల్లటి బూజు, వారంలో గుత్తి మాడుతుంది. అప్పుడు నాకు ఒంట్లో టెన్షన్. మైలుతుత్తం కిలో, సున్నం కిలో, వంద లీటర్ల నీళ్ళు, కొట్టి పడేస్తా. ఈ బయోడైనమిక్ వాళ్ళు కొమ్ములు తిప్పుతూ కూర్చుంటారా?

హంద్రీ_గట్టు
వాళ్ళూ అదే కొడతారు అన్నా. మీరు చెప్పిన ఆ మైలుతుత్తం, సున్నం కలిపినదే బోర్డో మిశ్రమం, అది పుట్టిందే ఫ్రాన్స్‌లో. బోర్డోలో రోడ్డు పక్క తీగలకు మైలుతుత్తం, సున్నం పూసేవాళ్ళు, దారినపోయేవాళ్ళు కాయ కోసుకుపోకుండా. ఆ తీగలకు బూజు పట్టలేదని మియార్దే అనే ప్రొఫెసర్ గమనించి, 1885లో పద్ధతి ప్రకటించాడు. మైలుతుత్తంలో ఉండేది రాగి, అందుకే ఇప్పుడు ఐరోపాలో ఏడేళ్ళలో హెక్టారుకు 28 కిలోల రాగి దాటకూడదు. డిమీటర్ అనే బయోడైనమిక్ ముద్ర కావాలంటే ఇంకా తక్కువ, సగటున ఏడాదికి 3 కిలోలు.

ఎర్రచేను_హిందూపురం
దొంగల కోసం పెట్టింది మందయిందా! ఇది మా ఊళ్ళో చెప్పాలి. మరి లేబుల్ మీద ఆవు కొమ్ము ఉంటుంది, మైలుతుత్తం ఉండదు, అంతేనా?

హంద్రీ_గట్టు
మైలుతుత్తం బొమ్మ వేస్తే ఎవరు కొంటారు.

మజ్జిగ_చిలికినోడు
ఒకటి మాత్రం వాళ్ళకు అనుకూలంగా చెప్తా. ఆ గంట తిప్పడానికి తోటలో కూర్చుంటావు. రెండేళ్ళు అట్లా కూర్చోబట్టే ఏ చెట్టుకు జిగురు కారుతోందో, ఏ పాదులో నీళ్ళు నిలుస్తున్నాయో నాకు ముందే తెలిసింది. ముక్కముక్కకూ తేడా చూసి విడిగా కోసి విడిగా పులియబెట్టేవాడు ఎటూ తోటలో తిరిగేవాడే అయ్యుంటాడు.

సైన్స్_సార్
ఇది ఒప్పుకుంటా. కొమ్ము లేకుండా కూడా కూర్చోవచ్చు.

మజ్జిగ_చిలికినోడు
కూర్చోం సార్. పనుంటేనే కూర్చుంటాం.

క్లాక్‌టవర్_దగ్గర
రెండో సీసా తెరిచాం. బావ అనుమతితోనే, ఆయనే వచ్చాడు. హంద్రీ అన్న చెప్పినట్టు ఒక రోజు దేవుడి గది మూల చీకట్లో నిలబెట్టా (అమ్మకు చెప్పలేదు). తెరిచే ముందు ముప్పావుగంట ఫ్రిజ్‌లో. గాజు జగ్గు లేక స్టీలు చెంబులోకి మెల్లగా వంచాం, అడుగున రెండు వేళ్ళ మడ్డి సీసాలోనే వదిలేశాం. గంట ఆగాం.

ఇది అది కాదు. అదే లేబుల్, అదే ఏడు, వేరే వస్తువు. పులుపు ఉంది, కానీ నేరేడు పండులో ఉండే పులుపు. వగరు నాలుక పక్కలకు పట్టుకుంటుంది, నేరేడు తిన్నాక నోరు పిడచకట్టినట్టు. తర్వాత మిరియం లాంటిది ఏదో. నాలుగు నేలల్లో ఏది ఏదో నాకు తెలియలేదు, అబద్ధం ఎందుకు. బావ మాత్రం "ఇసుక తెలుస్తోంది" అన్నాడు. మడ్డి అయ్యుంటుంది.

నాన్న మళ్ళీ వేలు ముంచాడు. ఈసారి చప్పరించాడు. "నేరేడే" అన్నాడు. కాసేపాగి, "కలిపినోడు తెలిసినోడే" అన్నాడు. ఆయన నోట్లోంచి ఇంతకంటే మెచ్చుకోలు నేను చీనీ కాయకు కూడా వినలేదు.

ఆవకాయ_జాడి
హమ్మయ్య.

ఉగ్గాని_బజ్జి
దేవుడి గదిలో వైన్ సీసా. అమ్మగారు ఈ వేదికలో లేరు గదా?

క్లాక్‌టవర్_దగ్గర
లేరు. కానీ బావ ఉన్నాడు, అదే భయం. ఖాళీ సీసాలు రెండూ నాన్న తీసుకున్నాడు. గాజు మందంగా ఉంది, జీవామృతానికి గోమూత్రం పట్టి పెట్టుకుంటాడంట.

రాగిసంగటి
మంచి పని. లేబుల్ మాత్రం పీకేయమను. బావగారు మళ్ళీ వస్తారు.